మన దేశమున అంతరిక్ష పరిశ్రమ

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచిన దినమున దేశమంతయు ఆకాశమువంక చూచును. ఆ మంట, ఆ పొగ, ఆ ఉఱుమువంటి ధ్వని కొలది నిమిషములలో మాయమగును. మఱునాటి పత్రికలలో ఒక బొమ్మ మిగులును. ఆ రాకెట్టు ఎన్ని ఊళ్ల యంత్రశాలలలో ఎందఱి చేతులమీదుగా తయారై అచ్చటికి చేరెనో తలచువారు తక్కువ. అంతరిక్ష పరిశ్రమ యనగా ఆ చేతుల సమూహమే. ఉక్కు కరగించువాడు, దానిని గొట్టముగా వంచువాడు, అతుకు వేయువాడు, ఆ అతుకును పరీక్షించువాడు, ఇంధనము కలుపువాడు, లెక్కలు కట్టునామె, ఉపగ్రహము పంపిన చిత్రమును చదివి రైతునకు తెలియునట్లు చెప్పునామె, వీరందఱును అందులోనివారే.

ఈ సంచికలో ఈ విషయమును గూర్చి వ్రాయుటకు మాకు రెండు కారణములు గలవు. ఈ పరిశ్రమలో గొప్ప భాగము తెలుగునేలమీదనే పెరిగినది. ఆ సంగతి మన పిల్లలలో పెక్కుమంది ఎఱుగరు. రెండవది, మా విద్యార్థులు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి యున్నది: ముసునూరు మామిడితోటల నడుమ చదువుకొనువారికి ఆకాశముతో ఏమి పని? దీనికి తొందరపడి ఉత్సాహకరమైన సమాధానము చెప్పుట సులభము. మేము ముందుగా ఈ పరిశ్రమ ఎట్లు పుట్టినదో, ఇప్పుడెచ్చట నిలిచి యేమి కోరుచున్నదో చెప్పి, సమాధానమును చదువరులకే విడిచెదము.

ఆరంభము మిక్కిలి సామాన్యముగా జరిగినది. 1963 నవంబరు 21వ తేదీన కేరళ తీరమునందలి తుంబా యను జాలరిపల్లెనుండి మన దేశమున మొదటి రాకెట్టు ఎగిరెను. అది అమెరికాలో తయారైన చిన్న రాకెట్టు. పైవాతావరణమును పరిశోధించుటకు ఉద్దేశింపబడినది. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ ఆ పల్లెకు మిక్కిలి సమీపమున పోవుచుండుటచే విక్రమ్ సారాభాయిగారు ఆ స్థలమును కోరిరి. అచ్చట మగ్దలేనే మరియ పేర ఒక దేవాలయమును, బిషప్పుగారి నివాసమును ఉండెను. తిరువనంతపురపు బిషప్పు పీటర్ బెర్నార్డ్ పెరీరాగారు సంఘస్థులను సమాధానపఱచి ఆ కట్టడములను శాస్త్రజ్ఞులకు ఇప్పించిరి. ప్రార్థన జరిగిన చోట రాకెట్టు భాగములు కూర్చబడెను. బిషప్పుగారి గది పటములు గీయు కార్యాలయమయ్యెను. రాకెట్టు ముక్కలు సైకిలుమీద తీసికొనిపోబడిన కాలమది. ఆ దేవాలయము నేడు అంతరిక్ష ప్రదర్శనశాలగా నున్నది.

బీదదేశమునకు రాకెట్టు లెందుకని అప్పుడే అనేకులు అడిగిరి. సారాభాయిగారి యుద్దేశము చంద్రునిమీద పందెము కాయుట గాదు. దూరపు గ్రామములకు వార్త, పాఠము చేర్చుటయు, వానను తుపానును ముందుగా కనిపెట్టుటయు, నేలను నీటిని కొలుచుటయు ఆయన కోరిన పనులు. 1969 ఆగష్టు 15వ తేదీన ఇస్రో యనబడు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఏర్పడెను. 1971 డిసెంబరులో సారాభాయిగారు మరణించిరి. ఆయన తలపెట్టిన పనులలో నొకటి 1975 ఆగష్టునుండి ఒక సంవత్సరము జరిగినది: అమెరికావారి ఉపగ్రహమును అరువు తెచ్చుకొని ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు చూపిరి. ఆ రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశము నొకటి.

పెద్ద రాకెట్లకు తుంబా చాలదు. అందుచేత శ్రీహరికోటను ఎన్నుకొనిరి. ముసునూరునుండి ఆకాశమార్గమున కొలిచినచో అది దక్షిణముగా సుమారు 350 కిలోమీటర్ల దూరము. (కక్ష్యలో తిరుగు ఉపగ్రహము ఆ దూరమును ఒక నిమిషము గడవకముందే దాటిపోవును.) ఒక ప్రక్క పులికాటు సరస్సు, మఱియొక ప్రక్క బంగాళాఖాతము, తూర్పున విశాలమైన సముద్రము. రాకెట్టు విడిచిన ఖాళీ గొట్టములు ఎవరి తలమీదను పడవు. మఱియొక లాభము గూడ గలదు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా. శ్రీహరికోట నెలకొన్న నేల ఆ తిరుగుటచే సెకండునకు సుమారు 450 మీటర్ల వేగముతో తూర్పునకు సాగుచున్నది. పరుగెత్తు బండిమీదనుండి ముందునకు విసరిన బంతికి బండివేగము గూడ కలియునట్లు, తూర్పునకు విడిచిన రాకెట్టునకు ఈ వేగము ఊరకే లభించును. దక్షిణమునకు పోవలసిన రాకెట్లకు మాత్రము ఈ స్థలము అంత అనుకూలము గాదు. దారిలో శ్రీలంక యున్నందున అవి చుట్టు తిరిగి పోవలెను. చిన్న రాకెట్లకు ఆ చుట్టుదారి భారమగుచున్నందుననే తమిళనాడు దక్షిణాగ్రమున కులశేఖరపట్టణము వద్ద రెండవ కేంద్రమునకు 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసిరి.

ఇచ్చట ఒక మాట చెప్పక విడువలేము. శ్రీహరికోట జనశూన్యమైన దీవి గాదు. యానాదులు అచ్చటి యడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించుచు, చేపలు పట్టుచు తరతరములుగా బ్రదుకుచుండిరి. దీవి రాకెట్టు కేంద్రమైనప్పుడు వారు తమ తావులు విడిచి కదలవలసి వచ్చెను. తేనెపట్టును వాసనచేతనే కనిపెట్టగల విద్య కొత్త కాలనీలో ఎవరికి కావలెను? దేశాభివృద్ధి లెక్క వ్రాయువారు జమవైపు పద్దులు వ్రాసి ఈ ఖర్చుపద్దును మఱచుట న్యాయము గాదని మా యభిప్రాయము.

1971 అక్టోబరులో శ్రీహరికోటనుండి చిన్న రాకెట్లు ఎగురుట మొదలయ్యెను. 1979 ఆగష్టు 10వ తేదీన మన దేశమున తయారైన మొదటి ఉపగ్రహవాహనము ఎస్.ఎల్.వి-3 లేచి, రెండవ అంతస్తు నడుపు యంత్రాంగము చెడుటచే అయిదు నిమిషములు దాటగానే సముద్రములో పడెను. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాముగారు. సంస్థకు అధ్యక్షుడు సతీష్ ధావనుగారు. పత్రికలవారి యెదుట ధావనుగారు తామే కూర్చుండి అపజయమును తమదిగా చెప్పుకొనిరి. 1980 జూలై 18వ తేదీన అదే విధమైన రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినప్పుడు, పత్రికలవారితో మాటలాడుటకు కలాముగారిని పంపిరి. ఈ కథను సత్ప్రవర్తనకు ఉదాహరణముగా పాఠశాలలలో చెప్పుదురు. మేము దానిని ఇంకొక కారణముచేత జ్ఞప్తిచేయుచున్నాము. అపజయమును భరించువారు ఒకరున్నప్పుడే పనివాడు రెండవసారి ప్రయత్నింపగలడు. ఆనాడు భరించినది ప్రభుత్వ ధనాగారము, ధావనుగారి గౌరవము. ఈనాడు ఎవరు భరింతురన్న ప్రశ్నకు ముందుముందు వత్తుము.

ఇక రాకెట్టు ఎట్లు తయారగునో చూతము. మనవారు ఎక్కువగా వాడిన పి.ఎస్.ఎల్.వి. యను వాహనము 44 మీటర్ల యెత్తును, 320 టన్నుల బరువును గలది. ఇంత పర్వతము కక్ష్యకు చేర్చు సరకు టన్ను ముప్పాతిక మాత్రమే. నూఱు బస్తాల బండి అర బస్తా దించి వచ్చినట్లు. మిగిలినదంతయు ఇంధనమును, దానిని మోయు గొట్టములును. కావున గొట్టము ఎంత తేలికయైన సరకు అంత పెరుగును. పలుచనైన గోడ లోపలి మంటల యొత్తిడికి పగులరాదు. ఇందుకొఱకు నికెలు, కోబాల్టు, మాలిబ్డినము కలిపి, బొగ్గుపదార్థమును దాదాపు లేకుండ తీసివేసి చేయు ‘మారేజింగ్’ ఉక్కు కావలెను. మామూలు ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచి గట్టిపఱతురు. దీనినో, మెత్తగా నుండగానే వంచి, అతికి, ఆ పిమ్మట మితమైన వేడిలో గంటలకొలది ఉంచి పండింతురు. కాయను గడ్డిలో మాగవేయుటను చూచిన మన పిల్లలకు ఈ పద్ధతి వింతగా తోచదు. అట్టి ఉక్కును హైదరాబాదునందు 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము తయారుచేయుచున్నది.

మొదటి అంతస్తులోని ఇంధనము ఘనపదార్థము. సుమారు 139 టన్నులు. అల్యూమినియము పొడిని, అమ్మోనియం పర్‌క్లోరేటును రబ్బరువంటి జిగురులో కలిపి, పాకమువలె గొట్టములో పోసి, వెచ్చగా నుంచి గట్టిపఱతురు. ఈ పని చేయు కర్మాగారము శ్రీహరికోటలోనే గలదు. మన యిండ్లలో మామిడితాండ్ర చేయువారు పొరలో గాలిబుడగ చేరకుండ చేయి తిప్పుదురు. తాండ్రలో బుడగ మిగిలిన రుచి చెడదు. ఇచ్చట బుడగగాని చీలికగాని మిగిలినచో మండు వైశాల్యము ఒక్కసారిగా పెరిగి, ఒత్తిడి హెచ్చి, గొట్టము పగులును. అందుచేత వైద్యుడు ఎముకను చూచినట్లు ప్రతి ఖండమును కిరణములతో పరీక్షింతురు.

ద్రవ ఇంధనపు యంత్రముల భాగములను చెక్కి చేయు యంత్రశాలలలో హైదరాబాదునందలి ఎమ్.టి.ఎ.ఆర్. ఒకటి; 1970లో మొదలైనది. పావులూరి సుబ్బారావుగారు 1992లో స్థాపించిన అనంత టెక్నాలజీస్ రాకెట్లకు, ఉపగ్రహములకు కావలసిన విద్యుత్పరికరములు కూర్చుచున్నది. ముంబయిలో గోద్రెజ్‌వారు, మహారాష్ట్రలోనే వాల్‌చంద్‌నగరువారు, లార్సన్ అండ్ టూబ్రోవారు మఱికొన్ని భాగములు చేయుదురు. ఇట్టి శాలలలో లేతుయంత్రము, కొలత పరికరము ఎంత ముఖ్యమో కాగితము అంత ముఖ్యము. ప్రతి ముక్కకును ఒక జాతకము వ్రాయబడును: ఏ కొలిమిలో పోసిన లోహము, ఏ దినమున ఎవరు చెక్కిరి, ఎవరు కొలిచిరి, ఏ పరీక్షలో ఎంత నిలిచెను. ఒక బోల్టు చెడినచో దానితోబాటు పుట్టిన బోల్టులన్నియు ఎచ్చట నున్నవో గంటలో తెలియవలెను. కొలత తప్పినదని వ్రాయుటకు వెఱచు పనివాడు ఈ పరిశ్రమకు పనికిరాడు. 2025 జనవరి 29వ తేదీన శ్రీహరికోటనుండి నూఱవ పెద్ద రాకెట్టు చక్కగా ఎగిరి తన ఉపగ్రహమును విడిచినది. కాని ఆ ఉపగ్రహములోని వాల్వులు తెరుచుకొననందున అది చేరవలసిన కక్ష్యకు చేరలేదు. వందల కోట్ల శ్రమ కొలది వాల్వుల యొద్ద ఆగిపోయెను.

ఇతరులు ఇయ్యనిదానిని మనమే చేసికొనవలసి వచ్చిన సందర్భమొకటి గలదు. బరువైన ఉపగ్రహములకు అతిశీతల ఇంధనముతో నడచు యంత్రము కావలెను. అందులో ద్రవహైడ్రోజను సున్నకు క్రింద 253 డిగ్రీల చలిలో నుండును. ఆ విద్యను రష్యావారినుండి కొనుటకు చేసికొన్న ఒప్పందము 1990 తరువాతి సంవత్సరములలో అమెరికావారి యభ్యంతరముచే చెడెను. యంత్రములు కొన్ని వచ్చినవి, విద్య రాలేదు. మనవారు స్వయముగా చేసిన అతిశీతల యంత్రము మొదటి ప్రయత్నమున విఫలమై, 2014 జనవరి 5వ తేదీన సఫలమయ్యెను. ఇరువది యేండ్ల పట్టుదల ఒక వాక్యములో ముగించితిమి; పనిచేసినవారికి అట్లుండదు.

ఇంత వ్యయముచే మన కృష్ణాతీరమునకు ఏమి కలిగెను? 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీద విఱుచుకుపడిన ఉప్పెనలో పదివేలకు తక్కువగాక జనులు మరణించిరి. ఆ రాత్రి చాల గ్రామములకు హెచ్చరిక చేరలేదు. 1990 మే నెలలో ఈ తీరమునకే మఱల భయంకరమైన తుపాను వచ్చెను. అప్పటికి మన ఇన్సాట్ ఉపగ్రహము పైనుండి మేఘములను చూచుచుండెను. ఆ యుపగ్రహము ద్వారమే తీరపు గ్రామములకు నేరుగా హెచ్చరిక వినిపించు యంత్రములు అమర్చబడియుండెను. లక్షలమంది ముందుగా కదలింపబడిరి. మృతులు వేయిమందికి లోపుగా ఉండిరి. వేయిమంది యనగా తక్కువ గాదు. ఈ తగ్గుదల యంతయు ఉపగ్రహముచేతనే యనుటయు సరిగాదు. తుపాను ఆశ్రయములు, రోడ్లు, రేడియో, గ్రామాధికారుల శ్రమ అన్నియు తోడ్పడినవి. అయినను ముందుగా తెలియనిది ఎవరిని ఎట్లు కదలింపగలరు?

మామిడి సంగతి చూతము. ఉపగ్రహ చిత్రములను గ్రహించి పంచునట్టి జాతీయ సంస్థ హైదరాబాదులో 1974లో పుట్టెను. దాని గ్రాహకశాల షాద్‌నగరులో గలదు. పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని ఎక్కువగా తిరుగగొట్టును. ఉపగ్రహపు కన్ను ఆ కాంతిని చూడగలదు. వరిచేను కోతతో ఖాళీయగును. మొక్కజొన్న వేసవికి ఎండును. మామిడితోట మాత్రము ఏడాది పొడుగునను పచ్చగా నుండును. వేర్వేరు మాసముల చిత్రములను పోల్చినచో ఇది తోట, ఇది చేను అని విడదీయవచ్చును. 2014లో కేంద్రప్రభుత్వము ‘చమన్’ అను పథకము క్రింద ఏడు తోట, కూర పంటల విస్తీర్ణమును ఇట్లు కొలుచుటకు పూనుకొనెను. వానిలో మామిడి యొకటి. ఎన్ని ఎకరముల తోట యున్నదో, ఏ సంవత్సరము ఎచ్చట ఆకు వాడినదో నిజముగా తెలిసినచో పంట భీమాకు, శీతల గిడ్డంగులకు, రైలుబండ్లకు లెక్క కుదురును.

కాని అతిశయోక్తి వలదు. పూతమీద తేనెమంచు పురుగు పడినదో లేదో ఉపగ్రహము చెప్పలేదు. అది చిన్నరసమో బంగినపల్లియో దానికి సులభముగా తెలియదు. నూజివీడు బజారులో రేపటి ధర ఎంతయో అసలే తెలియదు. చెట్టుక్రింద నిలిచి పూతను చూచు రైతు కన్నును, పైనుండి తాలూకా నంతటిని ఒక్కసారి చూచు ఆ కన్నును కలిసి పనిచేయవలెను. ఈ రెంటిని కలుపు పనియే నేడు కొఱతగా నున్నది. అందులో యువకులకు, యువతులకు చాల చోటు గలదని మా నమ్మకము.

ఇంతవఱకు చెప్పినది ప్రభుత్వ శాఖ యొకటి పరిశ్రమను పెంచిన కథ. ప్రభుత్వము పటము గీచి ఇచ్చును; కంపెనీలు ఆ పటము ప్రకారము ముక్క చేసి యిచ్చి కూలి పుచ్చుకొనును. ఇది కూలికి సేద్యము చేయుటవంటిది. పంట చెడినను కూలివానికి నష్టము లేదు. పండినను లాభము లేదు. ఏ పంట వేయవలెనో చెప్పు హక్కును లేదు. 2020లో కేంద్రప్రభుత్వము ఈ పద్ధతిని మార్చెను. సొంతముగా రాకెట్లు, ఉపగ్రహములు చేయగోరు కంపెనీలకు అనుమతులిచ్చి, ఇస్రో పరీక్షాశాలలను వాడుకొనుటకు దారి చూపుటకు ‘ఇన్-స్పేస్’ అను సంస్థను ఏర్పఱచెను. 2023లో అంతరిక్ష విధానమును ప్రకటించెను. అనుమతి ఎందుకని అడుగవచ్చును. 1967 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారము ఒక దేశపు పౌరుడు ఆకాశమునకు పంపిన వస్తువునకు ఆ దేశమే బాధ్యత వహింపవలెను. ఒక కంపెనీ రాకెట్టు పరదేశములో ఇల్లు కూల్చినచో ఉత్తరము ఢిల్లీకే వచ్చును.

ఈ మార్పు ఫలములలో మొదటివి తెలుగునేలమీదనే కనబడినవి. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాక అను ఇరువురు 2018లో హైదరాబాదునందు స్కైరూట్ కంపెనీని స్థాపించిరి. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18వ తేదీన శ్రీహరికోటనుండి లేచి సుమారు 89 కిలోమీటర్ల యెత్తునకు పోయి సముద్రములో దిగెను. మన దేశమున ఒక ప్రైవేటు కంపెనీ ఎగురవేసిన మొదటి రాకెట్టు అదియే. ఆ పేరు సారాభాయిగారిది. యెత్తునకు పోవుట వేఱు, కక్ష్యలో నిలుపుట వేఱు. మామిడికాయకై రాయి విసరిన బాలుడెఱుగును: పైకి విసరినది తిరిగి వచ్చును. సెకండునకు ఏడున్నర కిలోమీటర్ల వేగముతో అడ్డముగా విసరగలిగినప్పుడే రాయి నేలను తాకక భూమిచుట్టు తిరుగును. అది ఎంతో కష్టతరమైన పని. దానికై వారు విక్రమ్-1 అను పెద్ద వాహనమును చేపట్టిరి. హైదరాబాదునందే 2012లో పుట్టిన ధ్రువ స్పేస్ వారి రెండు చిన్న ఉపగ్రహములు 2022 నవంబరు 26వ తేదీన పి.ఎస్.ఎల్.వి. మీద కక్ష్యకు చేరెను. మదరాసు ఐ.ఐ.టి.లో పుట్టిన అగ్నికుల్ కంపెనీ 2024 మే 30వ తేదీన శ్రీహరికోటలో తమ సొంత వేదికనుండి ఒక రాకెట్టు ఎగురవేసెను. 2025లో చిన్న ఉపగ్రహముల వాహనమైన ఎస్.ఎస్.ఎల్.వి. విద్యను 511 కోట్ల రూపాయల పాట పాడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంపాదించుకొనెను.

ఇంతటితో పరిశ్రమ నిలిచినదనుకొనుట పొరపాటు. కర్మాగారము బ్రదుకవలెనన్న పని మాటిమాటికి రావలెను. శ్రీహరికోటనుండి నూఱు రాకెట్లు ఎగురుటకు 1979 మొదలు 2025 వఱకు పట్టెను. అమెరికాలోని స్పేస్ఎక్స్ అను ఒక్క కంపెనీ 2024లో ఒక్క సంవత్సరమున 130కి పైగా ఎగురవేసెను. ఆ యేడు మనవి అయిదు. అయిదు రాకెట్లకు ముక్కలు చేయు శాల మిగిలిన దినములలో తన పనివారికి జీతమెట్లు ఇచ్చును? నేర్పరియైన అతుకు పనివాడు కార్ల కర్మాగారమునకు పోవును. పోయినవాని స్థానమున ఇంకొకనిని తయారుచేయుటకు సంవత్సరములు పట్టును.

కావున మొదటి కొనుగోలుదారు ఎవరన్నది అసలు ప్రశ్న. దీనిని మన ప్రాంతమువారికి వివరించుట సులభము. తోటను పూతమీదనే గుత్తకిచ్చు ఆచారము మనకున్నది. కాయ ఇంకను కనబడదు. గుత్తదారు పూతను చూచి బేరమాడి బయానా ఇచ్చును. ఆ ధనముతో రైతు మందు కొట్టించును, నీరు పెట్టించును, కావలి పెట్టును. గాలివాన వచ్చి పూత రాలినచో నష్టమెవరిదన్న వివాదము తప్పదు. అయినను ఆ బయానా లేనిదే తోట సాగదు. అంతరిక్ష పరిశ్రమకు ప్రభుత్వము అట్టి గుత్తదారు కావలెను: ఇన్ని సంవత్సరములు ఇన్ని చిత్రములు కొందునని ముందుగా మాట యిచ్చినచో కంపెనీకి అప్పు పుట్టును. 2025లో ఇట్టి మార్గమొకటి కనబడెను. భూమిని చూచు 12 ఉపగ్రహములను సొంత ఖర్చుతో చేసి నడుపు పనిని బెంగుళూరునందలి పిక్సెల్ నాయకత్వమున నాలుగు కంపెనీలు కలిసి గెలుచుకొనెను. వానిలో మన ధ్రువ స్పేస్ ఒకటి. అయిదేండ్లలో 1,200 కోట్లకు పైగా వ్యయము కాగలదని ప్రకటించిరి. ఆ చిత్రములను వ్యవసాయ శాఖలు, భీమా కంపెనీలు, నీటిపారుదల వారు నిజముగా కొందురా యన్నది చూడవలెను.

రెండవ ప్రశ్న ముందు విడిచిన ప్రశ్నయే. అపజయమును ఎవరు భరింతురు? ఎస్.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయాణము 2022 ఆగష్టులో విఫలమయ్యెను; ఆఱు నెలలకు రెండవది సఫలమయ్యెను. ముప్పదేండ్లు నమ్మకముగా పనిచేసిన పి.ఎస్.ఎల్.వి. సైతము 2025 మే 18వ తేదీన మూడవ అంతస్తులో చెడి ఉపగ్రహమును పోగొట్టెను. ప్రభుత్వ సంస్థ ఇట్టి దెబ్బ తిని లేచి నిలుచును. అప్పు తెచ్చిన చిన్న కంపెనీకి మొదటి దెబ్బయే చివరిది కావచ్చును. మామిడి అంటు నాటినవాడు నాలుగైదేండ్లు కాయకై కాచుకొనును. ఏటేట వడ్డీ అడుగు షావుకారు కాచుకొనడు. ఓర్పుగల ధనము, అపజయమునకు భీమా, పరీక్షలో చెడినదానిని దాచక చెప్పిన కంపెనీకి రెండవ అవకాశము, ఇవి లేనిదే శంకుస్థాపనలెన్ని చేసినను పరిశ్రమ వేరూనదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025లో లేపాక్షి, తిరుపతి ప్రాంతములలో అంతరిక్ష నగరములు కట్టుదుమని విధానము ప్రకటించెను. భూమి చూపుట మొదటి పని. మేము చూడగోరునది పదియవ సంవత్సరపు పని.

మా విద్యార్థుల ప్రశ్నకు సంబంధించిన సంగతులు కొన్ని మిగిలియున్నవి. రాకెట్టు పనియనగా పెద్ద పెద్ద పట్టములు పొందినవారికే యన్న భావము తల్లిదండ్రులలో గలదు. నిజమునకు యంత్రశాలలలో ఐ.టి.ఐ. చదివిన ఫిట్టరు, టర్నరు, వెల్డరు లేనిదే ఒక్క గొట్టమును లేవదు. ఇంజనీరింగు చదువగోరు గ్రామీణ బాలబాలికలకు మన పొరుగుననే నూజివీడులో 2008లో స్థాపింపబడిన ట్రిపుల్ ఐటి గలదు. పదవ తరగతి మార్కులమీద ప్రవేశము దొరకును. ఇస్రోవారు 2019నుండి ‘యువిక’ యను పేర 9వ తరగతి వారికి వేసవిలో కొలదివారముల శిక్షణ ఇచ్చుచున్నారు. గ్రామీణ పాఠశాలల పిల్లలకు ఎన్నికలో కొంత మొగ్గు చూపుదురు. అదే 2019లో శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగమును సామాన్యజనులు చూచుటకు గ్యాలరీ కట్టిరి; ముందుగా పేరు నమోదు చేసికొన్నవారికి ప్రవేశము గలదు. దిగవలసిన రైలుస్టేషను సూళ్లూరుపేట. యువికకు అర్జీలు సాధారణముగా వేసవికి ముందే పుచ్చుకొందురు గనుక, 8వ తరగతి ముగించు బాలబాలికలు ఇప్పటినుండియే తమ ధ్రువపత్రములు, క్విజ్జు, క్రీడల బహుమతుల కాగితములు భద్రపఱచుకొనవలెను. ఎన్నికలో వానికి గూడ మార్కులు గలవు.